కోవిడ్ వార్డుల్లో నైట్ డ్యూటీ చేస్తున్నవాళ్లు ఎలా ఉన్నారు? ఇక్కడ చెప్పుకుందాం

నైట్‌సిస్టర్_84
2021 మే 13, ఉదయం 9:20

అందరికీ నమస్తే. నేను జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుని. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా కోవిడ్ ఐసీయూ. వరసగా తొమ్మిదో నైట్ ముగించుకుని ఇంటికొచ్చాను. స్నానం చేసి, ఇంత పెరుగన్నం తిని పడుకున్నాను. కళ్లు మూస్తే మానిటర్ మోత వినిపిస్తోంది. ఎలాగూ నిద్ర రావట్లేదని రాస్తున్నాను.

పగటి డ్యూటీకీ రాత్రి డ్యూటీకీ తేడా బయటివాళ్లకి తెలియదు. పగలు ఇంచార్జ్ సిస్టర్ ఉంటారు, పీజీలు (పీజీ చదువుతున్న డాక్టర్లు) రౌండ్స్‌కి వస్తారు, స్టోర్ తెరిచి ఉంటుంది. రాత్రి పది దాటితే ఒక్కొక్కరే వెళ్లిపోతారు, పేషెంట్లు మాత్రం అంతే మంది. మా ఐసీయూలో 22 బెడ్లు. నిన్న రాత్రి ఇద్దరం సిస్టర్లం, ఒక ఎఫ్‌ఎన్‌ఓ (సాయం చేసే మహిళా నర్సింగ్ ఆర్డర్లీ). వెంటిలేటర్ పేషెంటుకి ఒక్కో నర్సు ఉండాలని మేం చదువుకున్నాం.

నిన్న ఏం జరిగిందో చెప్తాను. ఆక్సిజన్ పైపులైను చాలక గోడ పక్క ఐదు బెడ్లకి జంబో సిలిండర్లు పెట్టాం. జంబోలో దాదాపు 7,000 లీటర్లు పడుతుంది. మాస్కుకి నిమిషానికి 15 లీటర్లు పెడితే ఏడు గంటల ముప్పావు వస్తుంది. ఐదింటినీ సాయంత్రం హ్యాండోవర్‌లోనే, ఎనిమిదింటికి, మార్చారు. అంటే ఐదూ తెల్లవారుజామున నాలుగింటికి ముందే అయిపోతాయి. ఆ లెక్క నాకప్పుడు తట్టలేదు. మూడున్నరకి ఒక గేజ్ ముల్లు ఎర్ర గీతలోకి దిగింది. దాని వైపు పరుగెత్తుతుంటే పక్కది, దాని పక్కది కూడా.

గాగుల్స్ నిండా ఆవిరి. చేతులకి రెండు జతల గ్లవ్స్. స్పానర్ కనిపించలేదు. ఎవరో వాడి ఎక్కడో పెట్టారు. ఆ ముక్కాలు నిమిషం నేను నేల మీద మోకాళ్లతో పాకుతూ మంచాల కింద తడుముకున్నాను. పన్నెండో బెడ్ ఆయన సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 91 నుంచి 74కి వచ్చింది. దొరికింది, మార్చాం, ఐదుగురూ నిలబడ్డారు. కానీ అప్పటినుంచీ నా చేతుల వణుకు ఆగలేదు.

మీ రాత్రులు ఎలా గడుస్తున్నాయి? ఎవరైనా ఏదైనా ఉపాయం కనిపెట్టి ఉంటే చెప్పండి. ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది.


నిర్వాహకులు
2021 మే 13, ఉదయం 10:05

ఈ చర్చను పైన పిన్ చేస్తున్నాం. ఒక్క విన్నపం. ఏ ఆసుపత్రి పేరూ, ఏ అధికారి పేరూ, ఏ పేషెంటు పేరూ రాయకండి. రాసేవాళ్లలో కాంట్రాక్టువాళ్లే ఎక్కువ. ఒక్క పోస్టుతో ఎవరి ఉద్యోగమూ పోకూడదు.


పీజీ_మత్తు_విభాగం
2021 మే 13, మధ్యాహ్నం 2:48

సిస్టర్, నేను అనస్థీషియా పీజీని. మొదట ఉపాయం చెప్తాను, మిగతాది తర్వాత. ఐదు సిలిండర్లూ ఒకేసారి తెరవకండి. కొన్ని సగం వాడినవి, కొన్ని నిండువి ఉండేలా హ్యాండోవర్‌లో కలపండి. అప్పుడు అన్నీ ఒకే గంటలో అయిపోవు. ప్లాస్టర్ ముక్క మీద తెరిచిన టైమ్, అయిపోయే టైమ్ రాసి సిలిండర్ మెడకి అంటించండి. స్పానర్‌ని బ్యాండేజీ గుడ్డతో ట్రాలీకి కట్టేయండి, ఎవరడిగినా విప్పి ఇవ్వొద్దు. మేం రెండు వారాలుగా ఇలాగే చేస్తున్నాం.

మూడు రోజుల క్రితం తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారు కదా. ఆ రాత్రి నుంచి మా వార్డులో పేషెంటు మొహం కంటే గేజ్ ముల్లునే ఎక్కువ చూస్తున్నాం.

మా డ్యూటీల సంగతి. రెసిడెంట్లకి, అంటే మాలాంటి పీజీలకి, ఏకధాటిగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని 1992లోనే కేంద్ర రెసిడెన్సీ స్కీమ్‌లో రాశారు. నేను ఈ వారంలో 90 దాటాను. పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీ నాలుగు నెలలు వాయిదా వేశారు కాబట్టి కొత్త బ్యాచ్ రాలేదు. మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌లు చేస్తున్నాం.

పనికంటే నన్ను పిండేస్తున్నది రాత్రిపూట చావు కబురు చెప్పడం. పగలైతే సీనియర్ పక్కన ఉంటారు. రాత్రి రెండింటికి గేటు దగ్గర దుప్పటి పరుచుకుని పడుకున్న కొడుకుని లేపి చెప్పాలి. పీపీఈలో నా మొహం అతనికి కనిపించదు, నా గొంతు కూడా మాస్కులోంచి సరిగ్గా వినిపించదు. నిన్న ఒకాయన మూడుసార్లు "ఏంటి సార్?" అన్నాడు. మూడుసార్లూ చెప్పాల్సి వచ్చింది, మూడోసారి గట్టిగా. ఒక మనిషికి నాన్న పోయాడని అరిచి చెప్పాను. నాకు 27 ఏళ్లు.


108_పైలట్
2021 మే 14, తెల్లవారుజామున 4:10

బండిలోనే కూర్చుని రాస్తున్నా. ఆసుపత్రి బయట లైన్లో నాది ఆరో బండి. లోపల పేషెంట్ ఉన్నాడు, ఈఎంటీ (అంబులెన్స్‌లో ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్) తమ్ముడు పక్కనే ఉన్నాడు. బెడ్ ఖాళీ అయితేనే దించుకుంటారట. ఒంటిగంటన్నరకి వచ్చాం.

గత ఏడాది జులై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 కొత్త బండ్లు వరసగా కదిలితే జనం రోడ్డు పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. నా బండి అందులో ఒకటి. ఆ రోజు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇప్పుడదే బండిలో సిలిండర్ ఎంత ఉందో చూసుకుంటూ, ఫ్లో ఒక్కో లీటరు తగ్గిస్తూ కూర్చుంటున్నాం.

తిండి గురించి ఎవరూ రాయలేదు. ఈ నెల 5 నుంచి మధ్యాహ్నం 12కే కర్ఫ్యూ. రాత్రి డ్యూటీవాడికి టీ కొట్టు లేదు, ఇడ్లీ బండి లేదు. ఇంటి నుంచి తెచ్చిన క్యారియర్ పదింటికే తినాలి. పీపీఈ వేసుకున్నాక తెరవడం కుదరదు. నిన్న ఒక పేషెంట్ భార్య తన సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి ఇచ్చింది. ఆమె మొగుడు స్ట్రెచర్ మీద ఉన్నాడు. తీసుకోవాలో వద్దో తెలియలేదు. తీసుకున్నాను.


అన్నయ్య_కోసం
2021 మే 14, రాత్రి 11:32

నా మాట కూడా వినండి. మా అన్నయ్య ఏప్రిల్ 27న తెల్లవారుజామున పోయాడు. ఆ రాత్రి పన్నెండు నుంచి నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "దాహంగా ఉంది, ఎవరూ రావట్లేదురా" అన్నాడు. వార్డు నంబరుకి ముప్పై సార్లు పైనే చేశాను. ఎవరూ ఎత్తలేదు. పొద్దున బాడీ తీసుకోమన్నారు. నేను అక్కడున్న కుర్చీ విసిరాను, ఒక సిస్టర్‌ని తిట్టకూడని మాటలు తిట్టాను. ఆమె ఏమీ అనలేదు.

ఇక్కడ రాసినవన్నీ చదివాను. మీ కష్టం కాదనను. కానీ మా అన్నయ్యకి ఆ రాత్రి ఎవరైనా గుక్కెడు నీళ్లు ఇచ్చారా? అదొక్కటే తెలుసుకోవాలని ఉంది.


ల్యాబ్_రాత్రులు
2021 మే 15, ఉదయం 7:15

మీ బాధ అర్థమవుతుంది. కానీ కుర్చీ విసరడం తప్పు. గత ఏడాది ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, సెప్టెంబరులో చట్టం కూడా చేసింది. ఆసుపత్రి సిబ్బంది మీద దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్లు జైలు, గట్టి దెబ్బలైతే ఏడేళ్ల దాకా. ఆ సిస్టర్ కంప్లైంట్ ఇచ్చి ఉంటే మీ కుటుంబం మీద ఇంకో దెబ్బ పడేది.


నైట్‌సిస్టర్_84
2021 మే 15, ఉదయం 10:40

ల్యాబ్ అన్నా, చట్టం అవసరమే, కాదనను. కానీ ఆయన అడిగింది అది కాదు.

అన్నయ్య కోసం రాసిన తమ్ముడూ, మీ అన్నయ్య ఏ ఆసుపత్రిలో ఉన్నారో నాకు తెలియదు. ఇచ్చారనీ చెప్పలేను, ఇవ్వలేదనీ చెప్పలేను. మా వార్డులో ఎలా ఉంటుందో మాత్రం చెప్తాను.

వార్డు ఫోన్ నర్సుల టేబుల్ మీద ఉంటుంది. మేం బెడ్ల దగ్గర ఉంటాం. మోగుతుంటే వినిపిస్తూనే ఉంటుంది. ఎత్తాలంటే చేతిలో ఉన్న పనిని వదలాలి, పై గ్లవ్స్ మార్చాలి. ఆ పని ఇంకొకరి ఊపిరి అయినప్పుడు వదలలేం. ఎవరో ఒకరు అవతల ఏడుస్తున్నారని తెలిసే ఎత్తం. అది చేతకానితనమే. రోజూ ఇంటికొచ్చాక గుర్తొస్తుంది.

నీళ్ల సంగతి. మాస్కు తీస్తే సాచురేషన్ పడిపోతుంది. అందుకని స్ట్రా పెట్టి, మాస్కు పక్కకి జరిపి, రెండు గుక్కలు, మళ్లీ మాస్కు, అర నిమిషం ఆగి మళ్లీ రెండు గుక్కలు. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. 22 మందికి లెక్కేసుకోండి. మేం మానలేదు, కానీ అడిగిన వెంటనే ఇచ్చామని మాత్రం చెప్పలేను. మా ఎఫ్‌ఎన్‌ఓ అక్క ఒకావిడ ప్రతి రాత్రీ పన్నెండింటికి, మూడింటికి బాటిల్, స్ట్రా పట్టుకుని బెడ్ బెడ్‌కీ తిరుగుతుంది. ఎవరూ చెప్పకుండానే. మీ అన్నయ్య వార్డులోనూ అలాంటి మనిషి ఒకరు ఉండి ఉండాలని కోరుకుంటున్నాను.


అన్నయ్య_కోసం
2021 మే 15, మధ్యాహ్నం 12:02

నిజం చెప్పినందుకు థ్యాంక్స్ అక్కా. ఆ సిస్టర్‌ని కలిసి మాట్లాడాలి. పేరు తెలియదు. పీపీఈ వీపు మీద మార్కర్‌తో ఏదో రాసి ఉంది, నేను చదవలేదు.


ఆయమ్మ_కొడుకు
2021 మే 16, సాయంత్రం 6:55

మా అమ్మ హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పారిశుధ్య కార్మికురాలు, ఏజెన్సీ తరఫున. నైట్లే. అమ్మ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

డాక్టర్లకి, సిస్టర్లకి కష్టం ఉంది. కానీ చనిపోయినవాళ్లని కవర్‌లో చుట్టి మార్చురీ దాకా తోసేది మా అమ్మలాంటివాళ్లు. ఒక్కో రాత్రి నాలుగు, ఐదు. ఒక ఎన్‌95 ఇచ్చి నాలుగు రోజులు వాడమంటారు. అమ్మ దాన్ని ఇంటి బయట దండెం మీద ఆరేస్తుంది. సాయంత్రం దండెం మీద మాస్కు చూసి మా గల్లీవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కుంటారు. నల్లా దగ్గరికి అందరూ పట్టుకున్నాకే రమ్మన్నారు. గత ఏడాది మార్చి 22న ఇదే గల్లీలో పళ్లాలు మోగించారు.

ఈ నెల 12 నుంచి లాక్‌డౌన్ పెట్టాక పొద్దున పది దాటితే బస్సు లేదు, ఆటో లేదు. ఏజెన్సీ ఐడీ కార్డు ఇవ్వలేదు. అమ్మ చెక్‌పోస్టు దగ్గర ఆసుపత్రి చీటీ చూపించి నడిచి వెళ్తోంది, నాలుగు కిలోమీటర్లు.

నాకు తెలియాల్సింది ఒకటే. 50 లక్షల ఇన్సూరెన్స్ అంటున్నారు కదా, అది ఏజెన్సీవాళ్లకి కూడా వస్తుందా? రోస్టర్‌లో అమ్మ పేరు లేదు. "ఏజెన్సీ, 4" అని రాస్తారు.


పీజీ_మత్తు_విభాగం
2021 మే 16, రాత్రి 9:30

వస్తుంది తమ్ముడూ. ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద గత ఏడాది మార్చిలో పెట్టారు. పర్మనెంటు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, రోజుకూలీ అందరికీ వర్తిస్తుంది. సఫాయి కార్మికులు, వార్డు బాయ్‌లు, ఆశాలు, అందరూ ఉన్నారు. ఈ మార్చి 24తో ఆగింది, మళ్లీ ఏప్రిల్ 24 నుంచి 180 రోజులు పొడిగించారు.

కానీ కోవిడ్ డ్యూటీలో ఉన్నట్టు ఆసుపత్రి సర్టిఫై చేయాలి. అందుకే పేరు కాగితం మీద ఉండటం చాలా ముఖ్యం. "ఏజెన్సీ, 4" అన్న అంకెకి ఎవరూ డబ్బులివ్వరు. ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారిని కలిసి, అమ్మ పేరుతో కోవిడ్ డ్యూటీ సర్టిఫికెట్ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. అమ్మతో పనిచేసే మిగతా ముగ్గురినీ కూడా అడగమనండి. నలుగురూ కలిసి అడిగితే కాదనడం కష్టం. సర్టిఫికెట్ వచ్చేలోపు రోజూ రోస్టర్ ఫొటో తీసి పెట్టుకోండి.


లెస్టర్_నర్సు
2021 మే 18, ఉదయం 5:20

నేను నెల్లూరు అమ్మాయిని. ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటున్నాను. కిందటేడు మా వంతు. గురువారం రాత్రి 8కి అందరూ గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. కొన్ని గురువారాలు బస్టాపుకి వెళ్తూ ఆ చప్పుడు వినేదాన్ని. మనసుకి బావుండేది, కాదనను. కానీ ఐసీయూలో ఒక్కరిని చూసే నర్సుని ఇద్దర్ని, ముగ్గుర్ని చూడమన్నప్పుడు ఆ చప్పట్లు ఎందుకూ అక్కరకు రాలేదు.

అక్కరకు వచ్చినవి చెప్తాను. మొదటిది బ్రేకు బోర్డు. రాత్రికి ఎవరు ఎప్పుడు బయటికెళ్లాలో షిఫ్టు మొదట్లోనే బోర్డు మీద రాసేస్తారు. టైమ్ అవగానే పక్కవాళ్లు వచ్చి "వెళ్లు" అంటారు. మనంతట మనం ఎప్పటికీ వెళ్లం. ఇంకొకరు పంపాలి.

రెండోది ఒక చిన్న గది. "వాబుల్ రూమ్" అనేవాళ్లు. కుర్చీలు, టిష్యూలు, నీళ్లు, అంతే. ఏడుపొస్తే అక్కడికెళ్లి ఏడవొచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మొదట్లో నాకు వింతగా అనిపించింది. మన దగ్గర డ్యూటీలో ఏడిస్తే "కొత్త పిల్ల, తట్టుకోలేదు" అంటారు కదా. ఒక రాత్రి ఒక పంజాబీ తాతగారు పోయారు. ఆయన మనవరాలికి వీడియో కాల్ పట్టుకున్నది నేనే. తర్వాత ఆ గదిలో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. బయటికొచ్చాక మిగతా రాత్రి పని చేయగలిగాను.


నిద్ర_వైద్యుడు
2021 మే 19, రాత్రి 8:45

నేను ఛాతీ వైద్యుణ్ణి, నిద్ర సమస్యలు కూడా చూస్తాను. మొదటి పోస్టులో సిస్టర్ రాసిన టైమ్ చూడగానే రాయాలనిపించింది.

మూడు నుంచి ఐదు మధ్య శరీర ఉష్ణోగ్రత అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, బుర్ర మందగిస్తుంది. ఎన్ని నైట్లు అలవాటైనా ఇది పూర్తిగా మారదు. అది మీ లోపం కాదు సిస్టర్, అందరి ఒళ్లూ అంతే. అందుకే ఆ గంటల్లో లెక్కల పని పెట్టుకోకండి. ఇన్ఫ్యూజన్ డోసులు, సిలిండర్ టైములు ఒంటిగంట లోపే లెక్కేసి రాసిపెట్టుకోండి. మూడు తర్వాత చూసి చేయడమే ఉండాలి. ఇద్దరిలో ఒకరు చదివితే ఒకరు చేయాలి.

ఇరవై నిమిషాల కునుకు తప్పు కాదు. దాన్ని డ్యూటీలో నిద్రపోవడం అనే అధికారులకి నేను చెప్పేది ఇది. 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి చురుకు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానమని 1997లోనే ఆస్ట్రేలియాలో కొలిచి చూపించారు. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03. పగలంతా పిల్లల్ని చూసుకుని రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు తెల్లవారేసరికి 24 గంటలు మేల్కొని ఉంటుంది. ఆ స్థితిలో ఆమెని స్కూటీ మీద ఇంటికి పంపుతున్నాం. పొద్దున దింపే వ్యాను సౌకర్యం కోసం కాదు, ప్రాణం కోసం అడగండి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. "పగలంతా ఇంట్లోనే ఉంటావుగా" అనకండి. ఆమె తొమ్మిదింటికి పడుకుంటే మూడింటిదాకా ఆ గది తలుపు తట్టకండి. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి. కాలింగ్ బెల్ తీసేయండి.

మరొకటి. నీళ్లు తాగకుండా డ్యూటీకి వెళ్లేవాళ్లలో యూరిన్ ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీ రాళ్లు చూస్తున్నాను. పన్నెండు గంటలు ఒకే పీపీఈలో ఉంచడం తప్పు. ఆరు గంటలకి మార్చే రోస్టర్ రాతపూర్వకంగా అడగండి.


ఒక_భర్త
2021 మే 20, మధ్యాహ్నం 1:15

మా ఆవిడ స్టాఫ్ నర్సు. పై పోస్టు చదివి కాలింగ్ బెల్ వైరు పీకేశాను. పాలవాడికి, గ్యాస్‌వాడికి నా నంబరు ఇచ్చాను. ఇన్నాళ్లూ నేను పది గంటలకి కుక్కర్ పెట్టేవాణ్ణి, విజిల్ వచ్చేది. నాకు తట్టనే లేదు.


నైట్‌సిస్టర్_84
2021 జూన్ 19, ఉదయం 9:50

నెల దాటింది. మధ్యలో నాకూ పాజిటివ్ వచ్చింది. జనవరిలోనే మాకు వ్యాక్సిన్ వేశారు కాబట్టి తేలిగ్గా పోయింది, ఐదు రోజులు జ్వరం. మా పక్క వార్డు ఎమ్‌ఎన్‌ఓ (మగ నర్సింగ్ ఆర్డర్లీ) ఒకాయన మాత్రం తిరిగి రాలేదు. ఆయన రెండో డోసు వేయించుకోలేదు. ఇంతకంటే రాయలేను.

ఇప్పుడు ఐసీయూలో 8 మంది. మీ అందరి పోస్టులూ ప్రింటు తీసి, పేర్లు లేకుండా, ఇంచార్జ్ సిస్టర్‌తో కలిసి సూపరింటెండెంట్ గారికి ఇచ్చాం. రెండు జరిగాయి. మెట్ల కింద లినెన్ పెట్టే గది ఖాళీ చేసి రెండు మంచాలు వేశారు, లోపలి గడియ కూడా పెట్టించారు. ఆడవాళ్లం రాత్రిపూట కళ్లు మూయాలంటే ఆ గడియ చాలా ముఖ్యం. పీపీఈ ఆరు గంటలకి మారుస్తున్నారు. వ్యాను రాలేదు. నాలుగో నర్సు రాలేదు. మూడో ఆవిడ వచ్చింది, ఆమె కాంట్రాక్టు మూడు నెలలే.

108 అన్న నెల నుంచీ కనిపించలేదు. అన్నా, చూస్తే ఒక్క మాట రాయండి.


108_పైలట్
2021 జూన్ 19, రాత్రి 10:22

ఉన్నానమ్మా. బావున్నాను. ఇప్పుడు బండి దగ్గర లైను లేదు. పేషెంటుని తీసుకెళ్తే పది నిమిషాల్లో దించుకుంటున్నారు. టీ కొట్టు మధ్యాహ్నం రెండింటిదాకా ఉంటోంది. ఫ్లాస్కులో పోయించుకుంటున్నా.


ఆయమ్మ_కొడుకు
2021 జూన్ 21, సాయంత్రం 5:40

పీజీ సార్, అమ్మకి సర్టిఫికెట్ ఇచ్చారు. నలుగురూ కలిసి అడిగితే మూడో వారానికి ఇచ్చారు. స్టాంపు, సంతకం ఉన్నాయి. కానీ ఆధార్‌లో అమ్మ పేరు ముందు ఇంటిపేరు ఉంది, దీంట్లో లేదు. పేరు చివర "మ్మ" బదులు "మా" పడింది. మళ్లీ అడిగితే ఏజెన్సీవాళ్లు కోప్పడతారని అమ్మ వద్దంటోంది. ఇలాగే సరిపోతుందా?


పీజీ_మత్తు_విభాగం
2021 జూన్ 21, రాత్రి 11:15

సరిపోదు. ఇప్పుడే మార్పించుకోండి, రేపే. ఈ నెల నుంచి క్లెయిమ్ కలెక్టర్ సర్టిఫై చేస్తే 48 గంటల్లో తేల్చాలని మార్చారు. కానీ పేరు తేడా ఉంటే కాగితం అక్కడే ఆగిపోతుంది. ఆధార్ జిరాక్స్ పట్టుకుని పొద్దున పదిన్నరకి ఆర్‌ఎంఓ ఆఫీసులో క్లర్కు దగ్గరికి మీరే వెళ్లండి, అమ్మని పంపకండి. ఆవిడ నైట్ చేసి వచ్చి ఉంటుంది, పడుకోనివ్వండి.